సేవకు బయలుదేరుతున్న మేనల్లుడికి

ప్రభువునందు ప్రియమైన మేనల్లుడికి మీ మామయ్య దీవించి రాస్తున్నది.

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చేసరికి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు హైదరాబాదులో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చావనీ, వచ్చే నెల నుంచి ఆ పల్లెలోని ముసలి పాస్టరు అయ్యగారి దగ్గర సహాయకుడిగా చేరుతున్నావనీ చెప్పింది. మన ఇంట్లో నా తరువాత సేవకు బయలుదేరినవాడివి నువ్వే కనుక నా కళ్లు చెమర్చాయి. అయితే ఫోన్ పెట్టేసే ముందు, "అన్నయ్యా, ఆ అయ్యగారికి ఏమీ తెలియదట, ఆరు నెలల్లో ఆ సంఘాన్నంతా తన పద్ధతిలోకి మార్చేస్తానంటున్నాడు నీ మేనల్లుడు" అంది. అప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు.

కొన్ని నెలల ఖర్చుకు సరిపడా డబ్బు దాచుకో. దోమతెర తీసుకువెళ్లు. తెల్లవారుజామున వాక్యం చదవడం మానవద్దు. ఇవన్నీ నీకు తెలిసినవే. ఉద్యోగాన్ని వదలడం వేరు, మొండితనాన్ని వదలడం వేరు అన్న సంగతి మాత్రం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అది నీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

వేదాంత విద్య ముగించి వచ్చినప్పుడు నాకు 26 ఏళ్లు. నన్ను ఐదో తరగతి దాటని ఒక అయ్యగారి కింద వేశారు. ఏడాది పాటు ప్రసంగం చేయవద్దనీ, సాయంత్రాలు లాంతరు పట్టుకుని తనతో ఇళ్లకు రమ్మనీ, రోగులను ఆసుపత్రికి తీసుకువెళ్లమనీ ఆయన చెప్పారు. ఒక ఆదివారం ఆయన ప్రసంగంలో యిర్మీయా మాటను యెషయాదని చెబితే, నేను చాప మీద నుంచి లేచి అందరి ఎదుటా తప్పు దిద్దాను. ఆయన "అవును బాబూ" అని తలవంచి, ప్రసంగం కొనసాగించారు. ఆ రాత్రి నేను మోకరించి, నా చదువును ఇక్కడ ఎందుకు వృథా చేస్తున్నావని దేవుణ్ణి నిలదీశాను. జవాబు కోసం మాత్రం ఆగలేదు. ఎనిమిదో నెలలో పదకొండు కుటుంబాలను వెంటబెట్టుకుని ఆ ఊరి చివరే ఆరాధనకు వేరే తాటాకుల పాక వేశాను.

ఏడేళ్లు అలాగే గడిచాయి. ఆ ఏడేళ్లలో నేను ప్రార్థన మానలేదు, ఉపవాసాలు మానలేదు. ఇప్పటికీ నన్ను భయపెట్టేది ఆ సంగతే, నాయనా. మనిషి దేవుడికి ఎదురు తిరుగుతూ కూడా ప్రతిరోజూ మోకరించగలడు.

ఒక వానాకాలం మీ అత్తయ్యకు టైఫాయిడ్ ముదిరింది. రాత్రి వేళ మోకాలి లోతు నీళ్లలో, లాంతరు ఎత్తి పట్టుకుని ఆ అయ్యగారే వచ్చారు. తెల్లవార్లూ మంచం పక్కన నేల మీద కూర్చుని, ఆవిడ నుదుటి మీద తడిబట్ట మారుస్తూనే ఉన్నారు. పాత మాట ఒక్కటీ ఎత్తలేదు. పొద్దున సగం గ్లాసు టీ తాగి, "బాబూ, ప్రార్థన నువ్వు చెయ్యి" అన్నారు. నాకు నోరు పెగలలేదు. ఆ తరువాతి ఆదివారం వెళ్లి ఆయన సంఘంలో వెనక చాప మీద కూర్చున్నాను. నేను సంఘం నుంచి చీల్చిన కుటుంబాల్లో రెండు మాత్రం ఈనాటికీ ఏ సంఘానికీ రావు. నా మొండితనానికి మూల్యం చెల్లించింది వాళ్లు.

చిన్నప్పుడు మా వీధి చివర కుమ్మరి సారె దగ్గర గంటల తరబడి కూర్చునేవాణ్ణి. దాదాపు పూర్తయిన కుండలో వేలికి ఒక చిన్న బెడ్డ తగిలితే ఆయన కుండను అణిచేసి, బెడ్డను ఏరి పారేసి, అదే మట్టితో మళ్లీ మొదలుపెట్టేవాడు. యిర్మీయా 18వ అధ్యాయంలో ప్రవక్త చూసిందీ ఇటువంటిదే: కుమ్మరి చేతిలో కుండ విడిపోయినా మన్ను పారవేయబడలేదు. దాని వెంటనే 19వ అధ్యాయం కూడా చదువు. అక్కడ పగిలింది కాలిన కూజా, దాన్ని తిరిగి బాగుచేయడం సాధ్యం కాదు. నేను కుండలు కాల్చే ఆవం దాకా వెళ్లి వచ్చినవాణ్ణి.

మన ఒంగోలు సంగతే చూడు. 1866లో వచ్చిన అమెరికా మిషనరీ క్లౌ దొరగారు మొదట పై కులాల వారి మీద ఆశపెట్టుకున్నారు. మాదిగలను చేర్చుకుంటే తాము రామని ఆ పెద్దలు అన్నప్పుడు, ఆయనా ఆయన భార్యా వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ లోకంలో ఎన్నికలేని వారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న కొరింథీ పత్రిక వాక్యమే కనబడింది. దొరగారు తన ఆలోచన మానుకుని ఆ వాక్యానికి లొంగారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. మనం ఆ సంఘం బిడ్డలం.

లొంగడమంటే ప్రతి మనిషికీ లొంగడమని అనుకోకు. దేవుడు చెప్పాడంటూ సంఘం డబ్బు లెక్కలో అబద్ధం రాయమన్నవాడికి తలవంచవద్దు, అది అయ్యగారైనా సరే. కానీ ఆయన భాష మోటుగా ఉందనీ, పాటలు పాతవనీ, నీకు ప్రసంగం ఇవ్వలేదనీ నీలో రోషం రేగినప్పుడు మాత్రం, అది వేలికి తగిలిన బెడ్డేమో చూసుకో. కోపంగా రాశాననుకోకు, కన్నా. నీ ముఖంలో నా 26వ ఏడు కనిపించి భయపడుతున్నాను.

వెళ్లే ముందు ఒక రాత్రి మా ఇంట్లో ఉండు. మీ అత్తయ్య గోంగూర పచ్చడి రెండు సీసాల్లో పెట్టి ఉంచింది, రెండోది ఆ అయ్యగారికి. ఒంగోలులో బస్సు దిగగానే ఫోన్ చెయ్యి, నేనే వస్తాను.

మీ మామయ్య