“వెళ్తే వెళ్లనీరా షిప్పు” అన్నారు మా అత్తయ్య

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ఉంటాం. ఇద్దరం ఉద్యోగస్తులం. పాపకి 13 ఏళ్లు, బాబుకి 9. మా అత్తయ్యకి 69. రాజోలు దగ్గర పల్లెటూళ్లో ఒక్కరే ఉంటారు. మామయ్య పోయి రెండేళ్లయింది. అప్పటి నుంచి ఆవిడ ఎక్కడికీ కదల్లేదని, క్రిస్మస్ సెలవుల్లో అందరం కలిసి ఆరు రోజులు అండమాన్ వెళ్లాం. ఐదు రోజులు ఎంత బాగా గడిచాయో చెప్పలేను. సెల్యులర్ జైల్లో అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర కథ పిల్లలకి ఆవిడే చెప్పారు. రాత్రిళ్లు పాప ఆవిడ పక్కనే పడుకుంది.

చివరి రోజు హ్యావ్‌లాక్‌లో, రాధానగర్ బీచ్‌లో ఉన్నాం. మధ్యాహ్నం షిప్పు ఎక్కాలి. ఎంత పిలిచినా ఆవిడ నీళ్లలోంచి రాలేదు. మా ఆయన దగ్గరికెళ్లి “అమ్మా, షిప్పు వెళ్లిపోతుంది” అని గట్టిగా అరిచారు. “వెళ్తే వెళ్లనీరా. నాకేముంది అక్కడ” అన్నారు. దాంతో ఆయనకి కోపం వచ్చి, అంత డబ్బు పోసి తీసుకొస్తే ఇదా నువ్వు చేసేది అనేశారు, అందరి ముందూ. ఆవిడ మాట్లాడకుండా వచ్చి తడిచీరతోనే జీపులో కూర్చున్నారు. మర్నాడు ఎయిర్‌పోర్టులో ఆవిడ బ్యాగు తెరిపించారు. చేతిరుమాల్లో మూటకట్టిన తెల్లటి పగడపు ముక్కలు దొరికాయి. తులసికోట దగ్గర పెట్టుకోవడానికి ఏరుకున్నారట. అవి తీసేసుకున్నారు. హైదరాబాద్‌లో దిగాక, మా ఆయనకి తెల్లారితే ఆఫీసు కాబట్టి ఆ రాత్రికే ఆవిడని బస్సెక్కించారు.

పది రోజులైంది. ఫోన్ చేస్తే “బాగానే ఉన్నానమ్మా” అని పెట్టేస్తున్నారు. మా ఆయన ఈసారి సంక్రాంతికి ఊరు వద్దంటున్నారు. మాతో వచ్చెయ్యమని ఎన్నోసార్లు అడిగాను, “మీ పట్నంలో నేనుండలేను” అంటారు. ఆవిడ మనసులో ఏముంది? మేం ఎక్కడ తప్పు చేశాం?

జవాబు: అమ్మా, ముందు సంక్రాంతి మాట చెప్పేస్తాను. వెళ్లండి. నలుగురూ వెళ్లండి. భోగి ముందు రోజుకే చేరేలా చూసుకోండి. ఈ పండక్కి మీరు వెళ్లకపోతే, బీచ్‌లో కోపంలో దొర్లిన మాట ఆవిడకి శాశ్వతంగా మిగిలిపోతుంది. మిగతా సంగతులన్నీ ఆ తర్వాతే.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం ఒకటుంది. ఆ రాత్రికే బస్సెక్కించారు అని రాశారు. మీకు అది ప్రయాణంలో ఒక చిన్న ఏర్పాటు. ఒక్కసారి ఆవిడ వైపు నుంచి చూడండి. ఆరు రోజులు పొద్దున లేవగానే “మామ్మా, టీ తాగావా” అని అడిగేవాళ్లు ఉన్నారు. మూడు పూటలా పక్కన కూర్చుని తినేవాళ్లు ఉన్నారు. రాత్రి మీద కాలేసి పడుకునే మనవరాలు ఉంది. ఎనిమిదో రోజు తెల్లవారుజామున బస్సు దిగి, ఆటో మాట్లాడుకుని, తాళం తానే తీసుకున్నారు. వారం రోజులు మూసిన ఇంటి వాసన ఎలా ఉంటుందో మీకు తెలుసు. నేల మీద దుమ్ము. తులసి వాడిపోయి ఉంటుంది. పాలబ్బాయిని రావొద్దని చెప్పి వెళ్లి ఉంటారు కాబట్టి కాఫీకి పాలు కూడా ఉండి ఉండవు. తడిచీర ఒకటి సంచిలో ఉప్పు పట్టి ఉంటుంది. అది ఉతికి ఆరేసి, ఎవరితో చెప్పాలి వెళ్లొచ్చిన విశేషాలు?

అంతకు రెండు రోజుల ముందు, ఆ మధ్యాహ్నం మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డప్పుడే ఆవిడకి ఆ ఇల్లు కళ్ల ముందు కనిపించి ఉంటుంది. “నాకేముంది అక్కడ” అన్నది సముద్రం మీద మోజుతో అన్న మాటగా నాకు అనిపించలేదు. అక్కడ అంటే ఊళ్లో ఇల్లు. ఆవిడ తరం వాళ్లకి అండమాన్ అంటే ద్వీపాంతర శిక్ష. పంపిస్తే మనిషి తిరిగి వస్తాడన్న ఆశ లేని చోటు. పిల్లలకి మల్లుదొర కథ చెప్పారంటే ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు. ఆయన అక్కడి జైలుకి వెళ్లి బతికి వచ్చి, 1952లో లోక్‌సభకి కూడా గెలిచారు. అలాంటి నేల మీద నిలబడి ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లబుద్ధి కావట్లేదు అన్నారంటే, ఆ ఇంట్లో ఎంత నిశ్శబ్దం పేరుకుపోయిందో మనమే అర్థం చేసుకోవాలి.

మా అమ్మ నా దగ్గర నెల రోజులుండి తిరిగి వెళ్లే రోజు, ఒకే చీరని మూడుసార్లు మడతపెట్టేది. పెట్టె సర్దడం తెమిలేది కాదు. రైలు టైమవుతోందని నేను విసుక్కునేదాన్ని. నాన్న లేని ఇంటికి వెళ్లడానికి ఆవిడ కాళ్లు రావట్లేదని అప్పుడు నాకు తట్టలేదు. ఇన్నేళ్లుగా ఇతరుల కుటుంబాల కష్టాలు వింటున్నదాన్ని, మా అమ్మ చేతుల్లో ఆ చీర మడతలు మాత్రం చదవలేకపోయాను. అందుకే మీ ఆయన్ని నిందించే అర్హత నాకు లేదు. ఆయన బాధ నాకు తెలుసు.

నిజానికి ఆయన తొందరలో తప్పేం లేదు. రాధానగర్ నుంచి జెట్టీకి సుమారు 12 కిలోమీటర్లు. అక్కడి షిప్పులు ఎవరి కోసమూ ఆగవు. అది తప్పితే మర్నాటి విమానం చేజారుతుంది, ఐదుగురి టిక్కెట్లు పోతాయి. ఆ టెన్షన్‌లో గొంతు పెరగడం మనుషులకి మామూలే. పైగా తండ్రి పోయిన కొడుకు ఆయన. తల్లి “నాకేముంది” అనగానే, “నువ్వు నాకేం చేశావురా” అన్నట్టు వినిపించి ఉంటుంది. లోపల ఎప్పటి నుంచో ఉన్న అపరాధ భావాన్ని ఎవరో వేలు పెట్టి నొక్కినట్టు అయి ఉంటుంది. అరవడం వరకు ఆవిడ ఎప్పుడో క్షమించేసి ఉంటారు. డబ్బు మాటే మిగిలిపోయింది. కొడుకు తనని ప్రేమతో తీసుకొచ్చాడని ఐదు రోజులు అనుకున్న మనిషికి, ఆరో రోజు అందరి ముందూ ఖర్చు లెక్క వినపడింది. జీపులో తడిచీర మార్చుకోకపోవడం పంతం అని మీవాళ్లు అనుకుని ఉంటారు. మార్చుకోవడానికి ఇంకో ఐదు నిమిషాలు అడిగితే మళ్లీ ఏమంటాడో అని భయపడి ఉంటారని నాకనిపిస్తోంది.

కాబట్టి మీ ఆయన చెయ్యాల్సింది ఒకటే. ఊరెళ్లాక, పిల్లలు లేనప్పుడు, అరుగు మీదో వంటింట్లోనో ఆవిడ పక్కన కూర్చుని, “అమ్మా, ఆ రోజు నలుగురిలో నీ మీద అరిచాను, డబ్బు మాట అన్నాను, తప్పయిపోయింది” అని చెప్పాలి. అక్కడితో ఆపెయ్యాలి. షిప్పు టైమైపోతోందని, నువ్వు రాకపోయేసరికి అని కారణాలు మొదలుపెడితే చెప్పిన క్షమాపణ కాస్తా వాదన అయిపోతుంది. ఆవిడ “పోనీలేరా, ఎప్పటి మాట” అంటారు. తల్లులు అలాగే అంటారు. ఆ మాట వినగానే బరువు దిగిపోయిందని లేచి వెళ్లిపోకుండా ఇంకో అరగంట అక్కడే కూర్చోమనండి. ఆవిడ చెప్పాల్సింది ఆ అరగంటలో బయటికి వస్తుంది. ఈ పని ఆయన తరఫున మీరు చెయ్యకండి. “మీ అబ్బాయి బాధపడుతున్నారు అత్తయ్యా” అని మధ్యవర్తిత్వం చేస్తే ఇద్దరికీ ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సిన అవసరమే పోతుంది.

మీరు చెయ్యాల్సింది పగడపు ముక్కల సంగతి. దాన్ని మీరంతా మరిచిపోయి ఉంటారు, ఆవిడ మరిచిపోరు. జీవితంలో ఎవరి పూచికపుల్ల ముట్టని మనిషి బ్యాగు పదిమందిలో విప్పించి, మూట తీసి పక్కన పెట్టారు. ఆవిడకి అది దొంగతనం అంటగట్టినట్టే. వివరంగా చెప్పండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పగడాలకి రక్షణ ఇస్తోంది. ఒడ్డుకి కొట్టుకొచ్చిన చచ్చిన ముక్కని కూడా అక్కడి నుంచి తేకూడదు, స్కానింగ్‌లో కనిపిస్తే తీసేసుకుంటారు. తెలియక ఏరుకునే యాత్రికులు చాలామందే ఉంటారు. ఆవిడ కాళ్ల కింద ఉన్న ఆ తెల్లటి ఇసుకలో పగడాలు అరిగి అరిగి అయిన రేణువులెన్నో ఉంటాయి. అందుకే అవి అక్కడే ఉండాలంటారు అని చెబితే, తోటా తులసీ పెంచుకునే మనిషి కాబట్టి ఆవిడకి ఇట్టే అర్థమవుతుంది. ముందే చెప్పకపోవడం మా పొరపాటే అత్తయ్యా అని కూడా అనండి. నీళ్లలో నిలబడ్డ ఆవిడ ఫొటో మీ ఫోన్లలో ఎక్కడో ఉండే ఉంటుంది. గొడవకి ముందుది. దాన్ని పెద్దగా ప్రింట్ తీయించి పట్టుకెళ్లండి. ఆ ట్రిప్పు ఫొటోలు పది రోజులుగా ఎవరూ తెరిచి ఉండరని నా అనుమానం. పిల్లల చేత తెరిపించండి, మామ్మతో కలిసి చూడమనండి.

ఇక అసలు ప్రశ్న, ఆవిడ ఎక్కడ ఉండాలన్నది. “మీ పట్నంలో నేనుండలేను” అన్న మాట నిజం. “నాకేముంది అక్కడ” అన్నదీ నిజమే. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. పగలంతా తలుపు వేసి ఉండే ఫ్లాట్‌లో, మీరందరూ ఆఫీసులకీ స్కూళ్లకీ పోతే, ఆవిడకి అక్కడా ఒంటరితనమే. పైగా పెద్దవాళ్లకి ఇంకో భయం ఉంటుంది, బయటికి చెప్పరు. ఒకసారి వస్తే మళ్లీ పంపించరేమో, ఊళ్లో ఇల్లు పడిపోతుందేమో అని. అందుకే “వచ్చెయ్యండి” అని అడగకండి. “ఉగాది వెళ్లాక ఒక నెల రండి, ఫలానా తేదీకి నేనే తీసుకొచ్చి దింపుతాను” అని అడగండి. వేసవి సెలవుల్లో రెండు మూడు వారాలు పిల్లల్ని అక్కడ ఉంచండి. రాత్రి పూట తోడు పడుకోవడానికి ఊళ్లో తెలిసినావిడ ఎవరైనా దొరుకుతారేమో కనుక్కోండి, నెలకి కొంత ఇచ్చినా ఫర్వాలేదు.

ఫోన్లో “ఎలా ఉన్నారు” అని అడిగితే “బాగానే ఉన్నాను” అనే వస్తుంది. ఇవాళ ఏం కూర వండుకున్నారు, ఎన్నింటికి తిన్నారు, సాయంత్రం దీపం పెట్టాక ఏం చేశారు అని అడగండి. మీరు వెళ్లింది డిసెంబరు కదా, అండమాన్‌లో ఆ నెల్లో సాయంత్రం ఐదింటికే పొద్దుగూకుతుంది. అంత దూరం తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. తొందరగా చీకటి పడ్డా ఆ చీకట్లో చుట్టూ మనుషులున్నారు ఆవిడకి. ఊళ్లో దీపాలు పెట్టే వేళ నుంచి పడుకునే దాకా ఉన్న మూడు గంటలే భర్త పోయినవాళ్లకి బరువైనవి. నా దగ్గరికి వచ్చిన ఎంతోమంది పెద్దవాళ్లు చెప్పిన మాట ఇది. ఆ టైములో మీ బాబు చేత ఫోన్ చేయించండి. మల్లుదొర కథ లాంటివి ఆవిడ దగ్గర ఇంకా చాలా ఉండి ఉంటాయి. రోజుకొకటి చెప్పించుకోమనండి. వాడికి కథలు కావాలి, ఆవిడకి వినేవాళ్లు కావాలి.

ఒక విషయంలో మాత్రం జాగ్రత్త. ఊరెళ్లాక ఆవిడ నిద్ర, తిండి గమనించండి. మనిషి చిక్కిపోయినా, పూజా మొక్కలూ పట్టించుకోకపోయినా, “నాకేముంది” అన్న మాట “ఇంక బతికేం లాభం” అనే దాకా వచ్చినా, అది వయసని వదిలెయ్యకండి. భర్త పోయిన దుఃఖం డిప్రెషన్‌గా మారడం పెద్దవాళ్లలో ఉంటుంది, మందులతో, మాటలతో తగ్గుతుంది. డాక్టర్‌కి చూపించండి. టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే మానసిక నిపుణులతో తెలుగులో మాట్లాడొచ్చు. పెద్దవాళ్ల కోసమే ఉన్న ఎల్డర్ లైన్ 14567. ఇవి ఆవిడ ఫోన్లోనూ మీ ఫోన్లోనూ సేవ్ చేసి ఉంచండి.

మళ్లీ ఎప్పుడైనా ఆవిడతో ప్రయాణం పెట్టుకుంటే చివరి రోజు సర్దుడు పెట్టుకోకండి. పెట్టెలన్నీ ముందు రాత్రే కట్టెయ్యండి. ఎన్నింటికి బయల్దేరాలో పొద్దున్నే చెప్పండి, గంట ముందు మళ్లీ చెప్పండి. “ఇంకెప్పుడూ తీసుకెళ్లను” అని మాత్రం మీ ఆయన చేత అనిపించకండి.

కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, ఆ రోజు కూడా అక్కడే ఉండండి. ముక్కనుమ నాడు బయల్దేరేటప్పుడు, కారెక్కే ముందు, మళ్లీ ఏ తేదీకి వస్తున్నారో చెప్పండి. వంటింటి గోడ మీద క్యాలెండర్ ఉండే ఉంటుంది. ఆ తేదీకి మీ బాబు చేత ఎర్ర పెన్నుతో సున్నా చుట్టించి రండి.