క్లోమం వాచిన రోగికి గంటగంటకూ మూత్రం ఎందుకు కొలుస్తారు?

చెన్నైలో ఆసుపత్రిలో చేరిన తమ తండ్రిగారి గురించి మీరు ఈ ప్రశ్న అడిగారు. పిత్తాశయంలోని రాయి జారి నాళానికి అడ్డుపడడం వల్ల క్లోమం వాచినప్పుడు, రక్తనాళాల్లోని ద్రవం చుట్టూ ఉన్న కణజాలంలోకి ఊరిపోతుంది కాబట్టి, ఎక్కిస్తున్న సెలైన్ సరిపోతోందా లేదా అన్నది నర్సుకు మూత్రమే ముందుగా చెబుతుంది. 60 కిలోల మనిషికి గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు రావాలి. అంతకు తగ్గినా, ఆయాసం కనిపించినా వెంటనే వైద్యులకు తెలియజేస్తారు. నొప్పి మందు వేళకు పడాలి. ముందుకు వంగి కూర్చోబెడితే కొంత ఉపశమనం కలుగుతుంది.

రోజుల తరబడి కడుపు మాడ్చడం పాత పద్ధతి, దయచేసి దానికి పట్టుబట్టకండి. వాంతులు తగ్గి ఆకలి వేస్తే, వైద్యుల అనుమతితో, చాలామందికి తొలి 24 గంటల్లోనే మెత్తని ఇడ్లీ, నెయ్యి వేయని చారన్నం కొద్దికొద్దిగా మొదలుపెట్టవచ్చు. ఇంటి క్యారియర్‌లో వేపుళ్లు, ఆవకాయ మాత్రం వద్దు.