ఓడలో పిల్లల చేతికి కార్డు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల క్రూయిజ్‌కు టికెట్లు తీసుకున్నాం. అబ్బాయికి పదమూడేళ్లు, పాపకు ఎనిమిది. ఓడలో నగదు చెల్లదని, పిల్లలకూ విడివిడిగా కార్డులిస్తారని ట్రావెల్ ఏజెంటు చెప్పారు. మావాడు వీడియో గేమ్ కనిపిస్తే అక్కడినుంచి కదలడు. వాళ్ల కార్డులు నా దగ్గరే పెట్టేసుకుంటే సరిపోతుందా అండీ?
– ఒక తల్లి, తిరుపతి

జవాబు: కార్డు మాత్రం తీసేసుకోకండమ్మా. గది తలుపు తెరుచుకునేది దాంతోనే. రేవులో దిగి మళ్లీ ఓడ ఎక్కేటప్పుడు చూపించాల్సిందీ దాన్నే. అది మీ హ్యాండ్‌బ్యాగులో ఉంటే పాప గదికి వెళ్లాలన్న ప్రతిసారీ మీరు లేచి వెంట నడవాలి. దానిమీద కొనుగోళ్లు ఆపిస్తే చాలు.

ఇంట్లో అందరి కార్డులూ ఒకే ఖాతాకు కలిపి ఉంటాయి. ఆ ఖాతాకు మీ క్రెడిట్ కార్డో, మీరు కట్టిన నగదు డిపాజిట్టో పూచీ. పిల్లవాడు ఎక్కడ కార్డు గీకినా లెక్క అందులో చేరుతుంది, చివర్లో మొత్తం మీ నెత్తిన పడుతుంది. గంగజాతరలో వంద నోటు ఇచ్చి వదిలితే, రెండు ఆటలు, ఒక ఐస్‌క్రీమ్ అయ్యేసరికి డబ్బులైపోయాయని వాడికే తెలుస్తుంది. ఓడ కార్డు ఎంత గీకినా అలాగే ఉంటుంది. ఇంట్లో బుద్ధిగా ఉండే పిల్లలు కూడా ఇక్కడ చెయ్యి దాటేది అందుకే. దాన్ని మొండితనం కింద జమకట్టకండి.

ఓడ ఎక్కిన రోజే గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌కు వెళ్లి, ముందు పిల్లల కార్డుల మీద కొనుగోళ్లు ఇప్పుడు తెరిచి ఉన్నాయా, మూసి ఉన్నాయా అని అడగండి. ఇది ఓడకో పద్ధతి, ఊహించుకోవద్దు. తర్వాత పాప కార్డు మీద పూర్తిగా ఆపించండి. అబ్బాయి కార్డుకు పరిమితి పెట్టించండి. ఆ పరిమితి రోజుకా, ప్రయాణం మొత్తానికా అన్నది తప్పకుండా తేల్చుకోవాలి. మీరు నలభై డాలర్లు మొత్తానికి అనుకుంటే, వాళ్లు రోజుకు అని నమోదు చేస్తే నాలుగు రోజులకు నూట అరవై అవుతుంది. వీడియో గేమ్స్ గదికి వేరే పరిమితి పెట్టే వీలుందేమో కూడా అడగండి. అక్కడ ముందుగా డబ్బు లోడ్ చేసే పద్ధతైతే, మిగిలింది వెనక్కిస్తారో లేదో కనుక్కొని కొంచెం కొంచెంగానే వేయించండి. మొదటిరోజు మధ్యాహ్నం ఈ కౌంటర్ ముందు పెద్ద వరుస ఉంటుంది. ఓడ ఎక్కిన వెంటనే గానీ, రాత్రి భోజనం అయ్యాక గానీ వెళ్తే పని త్వరగా అవుతుంది.

ఒక కిటుకు పిల్లలకు మనకన్నా ముందే తెలుస్తుంది. తన పరిమితి అయిపోతే అన్న చెల్లి కార్డు అడుగుతాడు. అందుకే ఇద్దరి కార్డులకూ కట్టడి ఉండాలి. మీ ఫోన్లో ఓడ యాప్ తెరిచి ఉంచి ఆడుకోమని ఇవ్వకండి. చాలా ఓడల్లో యాప్‌లోంచే కొనుగోళ్లు చేయొచ్చు.

ఎంత ఇవ్వాలంటారా? మా అంచనాలో పదమూడేళ్ల వాడికి రోజుకు పది డాలర్లు ధారాళంగా సరిపోతాయి. పాపకు అయిదు, అదీ మీ కార్డు మీదే, మీరు పక్కన ఉండగా. వెల బోర్డు మీద చూసిన ధరే కడతామనుకుంటే పొరపాటు. అమెరికా సంస్థల ఓడల్లో పానీయాల మీద 18 నుంచి 20 శాతం సర్వీసు చార్జీ తనంతట తానే చేరుతుంది. ఆపైన మన బ్యాంకు విదేశీ మారకపు రుసుము 3.5 శాతం దాకా వేస్తుంది. ఆ రుసుము మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. ఆరు డాలర్ల మిల్క్‌షేక్‌ను లెక్క కడదాం. 18 శాతం కలిపితే 7.08 డాలర్లు. డాలరు 90 రూపాయలనుకుంటే 637. బ్యాంకు రుసుము, పన్ను కలిశాక 663. బయలుదేరే ముందు ఈ లెక్క మీవాడి చేతనే కాగితం మీద వేయించండి. మీరు పదిసార్లు చెప్పినదానికన్నా బాగా పనిచేస్తుంది.

ఏది ఉచితమో తెలియకపోవడం వల్ల కూడా డబ్బు పోతుంది. బఫేలో తిండి, నీళ్లు, టీ, మామూలు కాఫీ టికెట్‌లోనే ఉంటాయి. చాలా ఓడల్లో డెక్ మీద యంత్రం నుంచి వచ్చే ఐస్‌క్రీమ్ కూడా ఉచితమే. పేరున్న కంపెనీ ఐస్‌క్రీమ్ కౌంటర్‌కు, కూల్‌డ్రింకులకు, గదిలోని మినీబార్‌కు వేరే కట్టాలి. కొన్ని ఓడల్లో గదికి ఆర్డరిస్తే ఒక్కో ఆర్డరుకు చార్జీ ఉంటుంది. ఫోన్ ఎత్తి పిజ్జా చెప్పడం పిల్లలకు చిటికెలో పని. పిల్లల క్లబ్బు పగలు ఉచితమే అయినా, రాత్రి పది దాటాక గంటకు ఇంతని వేసే ఓడలున్నాయి. ఫొటోగ్రాఫర్లు తీసే ఫొటోలకు తీసినంతమాత్రాన ఏమీ కట్టనక్కర్లేదు, కొంటేనే. ఒకేసారి డబ్బు కట్టి ఎన్నైనా తాగే కూల్‌డ్రింక్ ప్యాకేజీ సాధారణంగా ప్రయాణంలోని అన్ని రోజులకూ కలిపి అమ్ముతారు, ఇద్దరు పంచుకోవడానికి ఒప్పుకోరు. రోజుకు నాలుగైదు తాగితే గానీ గిట్టదు. ఏ పిల్లలైనా అన్ని తాగుతుంటే ఆలోచించాల్సింది డబ్బు గురించి కాదు.

పరిమితి అయిపోతే కార్డు పనిచేయదని అబ్బాయికి ముందే చెప్పండి. కొత్త స్నేహితుల ముందు కౌంటర్ దగ్గర అది బయటపడితే వాడికి చిన్నతనంగా ఉంటుంది.

ప్రశ్న: చెన్నై నుంచి బయలుదేరే ఓడకు వెళ్లాలా, సింగపూర్ నుంచా అని ఆలోచిస్తున్నాం. మాకు క్రెడిట్ కార్డు లేదు. డెబిట్ కార్డు చాలంటున్నాడు మా బావమరిది. ఫోన్‌పే కూడా ఉంది కదా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: డెబిట్ కార్డు కొన్నిచోట్ల తీసుకుంటారు, కానీ ఒక చిక్కుంది. ఖర్చు పెట్టకముందే ఓడ వాళ్లు కొంత మొత్తాన్ని హోల్డ్‌లో పెడతారు, కొనుగోళ్లు పెరిగేకొద్దీ ఇంకొంత. క్రెడిట్ కార్డులో అయితే తగ్గేది పరిమితే. డెబిట్ కార్డులో మీ ఖాతాలోని అసలు డబ్బే బిగుసుకుపోతుంది. ప్రయాణం అయ్యాక కూడా అది విడుదల కావడానికి రోజులు పడుతుంది. తిరుగు ప్రయాణంలో ఏటీఎంకు వెళ్తే డబ్బుండీ లేనట్టే. మీకు నగదు డిపాజిట్టే మేలు. అది అయిపోతే కొనుగోళ్లు ఆగిపోతాయి కాబట్టి పిల్లల ఖర్చుకు అదే హద్దు. ఎంత కట్టాలి, ఏ నోట్లు తీసుకుంటారు అన్నది బుకింగ్ సమయంలోనే అడగండి.

కార్డే వాడాలనుకుంటే, 2020 మార్చి నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులకు విదేశీ లావాదేవీలు మూసి ఉంటాయి. బ్యాంకు యాప్‌లో మీరే తెరవాలి. ఇంటి దగ్గర సిమ్ పనిచేస్తుండగానే, ఓటీపీ వచ్చే చోటే ఓడ ఖాతాకు కార్డు నమోదు పూర్తి చేసుకోండి. నడిసముద్రంలో మామూలు సిగ్నల్ ఉండదు, ఓటీపీ కోసం చూస్తూ కూర్చోలేరు. అదే కారణానికి ఫోన్‌పే మీద ఆశ పెట్టుకోవద్దు.

చెన్నై ఓడలో ఖాతా రూపాయల్లోనే కాబట్టి మారకపు బాధ ఉండదు. సింగపూర్ ఓడల్లో కొన్ని అమెరికా డాలర్లలో, కొన్ని సింగపూర్ డాలర్లలో లెక్క వేస్తాయి. టికెట్ కొనేముందే ఏదో చూసుకోండి. అమెరికా సంస్థలైతే సిబ్బంది టిప్స్ కింద తలకు రోజుకు 16 నుంచి 20 డాలర్ల దాకా వేస్తాయి, సాధారణంగా పిల్లలకూ. నలుగురికి నాలుగు రాత్రులంటే కనీసం 256 డాలర్లు. ఇది ముందే కట్టేస్తే డిపాజిట్ టిప్స్‌కే కరిగిపోదు.

ప్రశ్న: కొడుకు, కోడలు, మనవలు ఓడ ప్రయాణానికి వెళ్తున్నారు. పిల్లలకు చేతి ఖర్చుకు నగదు ఇద్దామనుకుంటున్నాను. ఏ నోట్లు ఇవ్వాలి?
– ఒక తాతగారు, తిరుపతి

జవాబు: ఓడ లోపల మనవల చేతిలో నోట్లు పనికిరావండీ. మీ కొడుకు చేతికిచ్చి, పిల్లల పేరున డిపాజిట్‌లో వేయించమనండి. రేవులో దిగినప్పుడు కొనుక్కోవడానికి మాత్రం ఆ దేశపు చిన్న నోట్లు కొన్ని ఉంటే సంతోషిస్తారు.

ప్రశ్న: బిల్లులో మనం కొననిది కనిపిస్తే ఏం చేయాలి? ఫోన్ బిల్లు కూడా వేలల్లో వస్తుందని విన్నాం.
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: ఓడ రేవు విడవకముందే పిల్లల ఫోన్లతో సహా అన్నింటినీ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. సముద్రంలో ఫోన్ ఓడ మీది ఉపగ్రహ నెట్‌వర్క్‌ను పట్టుకుంటుంది. మామూలు విదేశీ రోమింగ్ ప్యాకులు చాలావరకు దానికి వర్తించవు. అవసరమైతే ఓడ వైఫై కొనుక్కుని, ఫ్లైట్ మోడ్‌లోనే వైఫై ఒక్కటి తెరవండి. వైఫై ప్యాకేజీ సాధారణంగా ఎన్ని పరికరాలకో లెక్క కట్టి అమ్ముతారు. పిల్లలకు విడిగా కొనకండి.

బిల్లు మాత్రం చివరిరోజు దాకా ఆగకండి. యాప్‌లోనో, గదిలోని టీవీలోనో, కౌంటర్‌లోనో రోజూ పడుకునే ముందు చూడండి. ఆ రోజు ఎవరు ఎక్కడ గీకారో పిల్లలకూ గుర్తుంటుంది. అనుమానం వస్తే తేదీ, సమయం, కొన్న చోటు చెప్పి వివరాలు అడిగితే కౌంటర్ వాళ్లు చూసి చెప్తారు. తప్పయితే అక్కడే తీసేస్తారు. దిగి ఇంటికొచ్చాక మెయిళ్లతో తేల్చుకోవడం బాగా ఆలస్యమవుతుంది. ఆఖరి ఉదయం వరుస పెద్దగా ఉంటుంది కాబట్టి ముందురోజు రాత్రే చూసుకోండి. నగదు డిపాజిట్‌లో మిగులుంటే దిగకముందే అడిగి తీసుకుని, రసీదు పుచ్చుకోండి.