రావెన్ ముక్కు, ఈగిల్ ముక్కు

ప్రశ్న: జులైలో క్రూజ్‌లో అలాస్కా వెళ్తున్నాం. జూనో, సిట్కా చూస్తాం. టోటెమ్ స్తంభాల మీది జంతువుల గురించి మా ఆరేళ్ల పాపకు ముందే చెప్పాలనుంది. అవి అక్కడివాళ్ల దేవుళ్లా? కథలేమైనా ఉన్నాయా? (ఒక పాఠకురాలు, సియాటిల్)

జవాబు: దేవుళ్లు కావు. చెట్టు మాను మీద బొమ్మలు చెక్కి నిలిపే ఆ స్తంభాలకు పూజలేమీ జరగవు. ఆ జంతువులు వంశ చిహ్నాలు. ఆగ్నేయ అలాస్కాలోని ట్లింగిట్ ప్రజలు రావెన్ (కాకి జాతి పెద్ద పక్షి), ఈగిల్ (గద్ద) అని రెండు పక్షాలు. కొన్నిచోట్ల ఈగిల్‌కు బదులు తోడేలు అంటారు. ఒక్కో పక్షంలో బోలెడు వంశాలు. సిట్కాలోని కిక్సాడీలది కప్ప, అంగూన్ ఊళ్లోని దేషీటాన్‌లది బీవర్ (నీళ్లలో తిరిగే, ఎలుక జాతి పెద్ద జంతువు). రెండూ రావెన్ పక్షమే. ఓర్కా తిమింగలం దక్లావేదీలది, వాళ్లు ఈగిల్ పక్షం. సంప్రదాయం ప్రకారం మన సగోత్రంలాగే సొంత పక్షంలో పెళ్లి కుదరదు. కాకపోతే అక్కడ బిడ్డకు వచ్చేది అమ్మ వంశం. పాపకు ‘ఆ బొమ్మ చూస్తే వాళ్ల అమ్మమ్మ వాళ్లెవరో తెలుస్తుంది’ అంటే చాలు.

తర్వాత గుర్తులు. ముక్కు తిన్నగా ఉంటే రావెన్, కొస కిందికి వంగితే ఈగిల్. ముందు రెండు పెద్ద పళ్లు, తోక మీద అడ్డగీతల గళ్లు ఉంటే బీవర్. వీపు మీద నిలువెత్తు రెక్క ఉంటే ఓర్కా. పళ్లు లేని వెడల్పాటి నోరు కప్పది. అన్నీ ఒకేరోజు చెబితే కలగాపులగం అవుతుంది. మొదటిరోజు రెండు ముక్కులు చాలు. సిట్కా నేషనల్ హిస్టారికల్ పార్క్‌లో 1999లో నిలిపిన క్'అల్యాన్ స్తంభం మీద కప్పను వెతకమనండి. అక్కడి పాత స్తంభాల్లో చాలావరకు వేరే ఊళ్ల నుంచి తెచ్చినవి, కాబట్టి ప్రతిదాన్నీ సిట్కా వంశాలకు అంటగట్టకండి.

కథకు రావెన్ వెలుగు తెచ్చిన వైనం బాగుంటుంది. నాస్ నది మొదట్లో ఉండే ముసలాయన వెలుగును పెట్టెల్లో దాచుకుంటాడు. రావెన్ హెమ్లాక్ చెట్టు ఆకు సూదిగా మారి నీళ్లలో పడి, ఆ నీళ్లు తాగిన ఆయన కూతురి కడుపున పుడతాడు. తాత దగ్గర మారాం చేసి ఒక్కో పెట్టె తెరిపిస్తాడు: చుక్కలు, చందమామ, చివరికి పగలు. మూడు అట్టపెట్టెలు, ఒక టార్చి ఉంటే చీకటి గదిలో ఆడించి చూపొచ్చు. రావెన్ మంచివాడా చెడ్డవాడా అని పాప అడుగుతుంది. జిత్తులమారి, తిండిపోతు, అయినా లోకానికి వెలుగిచ్చినవాడు అని అక్కడితో వదిలేయండి. దానికి నీతి అతికించబోతే కథ చప్పబడుతుంది.

ప్రశ్న: మా ఒకటో తరగతి పిల్లలతో ఒక్కొక్కరికీ నచ్చిన జంతువును వంశచిహ్నంగా గీయించవచ్చా? (ఒక ఉపాధ్యాయిని, హైదరాబాద్)

జవాబు: వద్దు. చిహ్నం, దాని కథ, పాట, పేరు వంశం ఆస్తి. ఎవరికి నచ్చింది వాళ్లు తీసుకునేవి కావు. ‘నీకే జంతువు ఇష్టం?’ అని మొదలుపెడితే సరిగ్గా తలకిందులుగా నేర్పినట్టే. చిహ్నం వంశానికి ఎంత విలువైనదో అంగూన్ సంగతి చూస్తే తెలుస్తుంది. 1882 అక్టోబరులో అమెరికా నౌకాదళం ఆ ఊరి మీద ఫిరంగులు పేల్చింది. పడవలు నాశనమయ్యాయి, బీవర్ పడవ మిగిలింది. దాని ముందుభాగంలోని బీవర్ బొమ్మ తర్వాత ఎటో పోయి, 1999లో న్యూయార్క్‌లోని ఒక మ్యూజియంలో కనబడి ఊరికి తిరిగొచ్చింది. నౌకాదళం క్షమాపణ చెప్పింది 2024లో.

గీయించాలనుకుంటే వంశం ఊసెత్తకుండా ఆ బొమ్మల్లో కనిపించే కన్ను ఆకారం నేర్పండి. 12 సెంటీమీటర్ల వెడల్పు, 8 ఎత్తు ఉన్న అట్టను నిలువుగా సగానికి మడిచి కత్తిరిస్తే రెండు పక్కలూ సమానంగా వస్తాయి. పైఅంచు విల్లులా లేవాలి, కిందిఅంచు మధ్యలో కాస్త లోపలికి నొక్కినట్టుండాలి, మూలలు గుండ్రంగా. పిల్లలు మామూలుగా గుడ్డు గీసేస్తారు, అందుకే అట్ట అచ్చు ఇవ్వడం. ముందు నలుపు, తర్వాత ఎరుపు, చివర నీలిఆకుపచ్చ. గీత పైన లావు, కింద సన్నం ఉండాలి. సన్న స్కెచ్‌పెన్ ఇస్తే అంతా ఒకే మందంలో వచ్చి జీవం పోతుంది. వెడల్పు మొన ఉన్న మార్కర్ ఇవ్వండి.