పేస్టు మంచిదే, పుక్కిలించేదే మనం

ఫ్లోరైడ్ పేస్టు పంటి ఎనామిల్‌ను (పంటి మీది గట్టి పొరను) యాసిడ్ నుంచి నిజంగా కాపాడుతుందా అని అడిగారు. కాపాడుతుంది, మనం కాపాడనిస్తే.

పొట్ట తగ్గుతుందని రెండేళ్లు పొద్దున్నే నిమ్మరసం నీళ్లు తాగాను. తాగిన వెంటనే బ్రష్షు పట్టేవాణ్ణి, పులుపు పోతుందని. ఒకరోజు చల్లటి నీళ్లు నోట్లో పోసుకుంటే ముందు పళ్లు జివ్వుమన్నాయి. డెంటిస్టు చేతికి అద్దమిచ్చి, పంటి వెనక చిన్న లైటు పెట్టారు. పంటి చివర గాజుముక్కలా ఉంది, వెలుతురు ఇవతలికి కనిపిస్తోంది!

"రోజూ రెండుసార్లు తోముతానండీ, ఫ్లోరైడ్ పేస్టే" అన్నాను, కాస్త గొప్పగానే.

"ఎప్పుడు తోముతారు? తోమాక ఏం చేస్తారు?" అన్నారావిడ. నిమ్మరసం సంగతి, ఆపైన నాలుగైదుసార్లు బాగా పుక్కిలించే సంగతి చెప్పాను. ఆవిడ నవ్వారు.

పీహెచ్ అంటే పులుపుకు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. నోట్లో అది సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ కరగడం మొదలవుతుంది. పైపొర మెత్తబడుతుంది. సరిగ్గా అప్పుడే నేను బ్రష్షుతో గీకేవాణ్ణి. కాసేపు ఆగితే లాలాజలం ఆ ఖనిజాలను తిరిగి పంటికి చేరుస్తుంది, ఫ్లోరైడ్ ఉంటే ఆ పని ఇంకా చురుగ్గా జరుగుతుంది. పైగా ఫ్లోరైడ్ కలిసిన కొత్త పొర మొండిది, 4.5 దాకా తట్టుకుంటుంది. కానీ నిమ్మరసం పీహెచ్ 2 చిల్లర. దాని ముందు ఏ పేస్టయినా ఎంతని ఆగుతుంది? అందుకే పులుపు తిన్నాక కనీసం అరగంట, వీలైతే గంట ఆగి తోమమన్నారు. తోమాక నురగ ఉమ్మేసి ఊరుకోవాలట. నేను డబ్బు పెట్టి కొన్న ఫ్లోరైడ్‌ను రోజూ సింకులో పోస్తున్నానన్నమాట.

ఏ కంపెనీ పేస్టు మంచిదని జనం కొట్టుకు చస్తారెందుకో. పెద్దవాళ్లకైతే ట్యూబు మీద 1000 నుంచి 1500 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) ఫ్లోరైడ్ అని ఉంటే చాలు, రంగూ రుచీ మీ ఇష్టం. బ్రష్షు నిండా పాములా పిండటం ప్రకటనల వాళ్లు నేర్పిన దుబారా. ఇక ఆ బొగ్గు పేస్టులు! చాలావాటిలో ఫ్లోరైడే ఉండదు, గరుకుదనం మాత్రం దండిగా ఉంటుంది. తెల్లబడతాయని ఉన్న ఎనామిల్‌ను అరగదీసుకోవడం నాకైతే అర్థం కాదు.

రాత్రి నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది కాబట్టి ఆ పూట తోమడం అస్సలు మానను. ఉమ్మేసి అలాగే పడుకుంటా. మొదటి వారం నోట్లో సబ్బు ముక్క పెట్టుకున్నట్టే ఉండేది. రెండు నెలలకు జివ్వుమనడం బాగా తగ్గింది. అరిగిన అంచు మాత్రం తిరిగి రాలేదు, రాదు కూడా. నాలుకతో తడిమితే ఇప్పటికీ పలచగా తగులుతుంది.