బెంగాలీ టైపింగ్‌లో తెలుగు అలవాటు పనికిరాదు

కంప్యూటర్‌లో బెంగాలీని ఉచ్చారణను బట్టి ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేయడం ఎలా అని అడిగారు. అభ్రో పెట్టుకోండి, మరొకటి వెతకనవసరం లేదు. బంగ్లాదేశ్‌లోని మైమెన్‌సింగ్‌లో వైద్యవిద్య చదువుతూ మెహదీ హసన్ ఖాన్ 2003లో ఉచితంగా విడుదల చేసిన సాఫ్ట్‌వేర్ అది. ఒమిక్రాన్‌ల్యాబ్ సైటు నుంచి దించుకుని ఇన్‌స్టాల్ చేస్తే తెరపై చిన్న పట్టీ కనిపిస్తుంది. ఎఫ్12 నొక్కితే బెంగాలీ, మళ్లీ నొక్కితే ఇంగ్లీషు. అసలు కష్టం ఆ తర్వాతే.

మాది ఖరగ్‌పూర్. తాతగారు రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. పక్కింటి మాషీమా (బెంగాలీలో పిన్ని అన్నట్టు) విశ్రాంత ఉపాధ్యాయురాలు. వాళ్లమ్మ చేతిరాతలో ఉన్న వంటల పుస్తకాన్ని ఒక దుకాణంలో టైపు చేయించారు. ఇంట్లో తెరిస్తే అంతా పిచ్చి గీతలు! అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ పద్ధతి కాని పాత ఫాంటు వాడారు మరి. డబ్బు తీసుకుని, మరో కంప్యూటర్‌లో తెరుచుకోని అక్షరాలు చేతిలో పెట్టడం అన్యాయం. మన తెలుగు డీటీపీ కేంద్రాల్లో కూడా ఇదే జరుగుతోంది. ఎన్ని మంచి పుస్తకాలు వెతుకులాటకు దొరకకుండా పోతున్నాయో!

నేనే అభ్రో పెట్టి కూర్చున్నాను. మొదటి వంట కమలాపండ్ల పాయసం. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసే లేఖిని అలవాటుకొద్దీ కే, ఏ, ఎం, ఏ, ఎల్, ఏ కొట్టాను. "ఇది కామాలా అయింది బాబా" అన్నారు మాషీమా. అభ్రోలో ఏ అంటే దీర్ఘమే. తలకట్టుకు ఓ కొట్టాలి, బెంగాలీలు పలికేదీ దాదాపు అలాగే కదా. ఆ ఓ మానేస్తే చాలాచోట్ల హల్లులు కలిసి ఒత్తు పడుతుంది. కే, ఓ, ఎం, ఓ, ఎల్, ఏ అని కొట్టాక కమలా సరిగ్గా వచ్చింది. వి కొడితే భ వస్తుందని కూడా గుర్తుంచుకోండి. అభ్రో పేరును ఇంగ్లీషులో వి పెట్టి రాస్తారు, కానీ అది మన అభ్రకంలోని అభ్రమే. త, ట తేడా మాత్రం మనకు తెలిసిందే: చిన్న టీ, పెద్ద టీ.

మాషీమా ఇప్పుడు రోజుకో వంట స్వయంగా ఎక్కిస్తున్నారు. నిన్న అరటిపువ్వు ఘొంటో, అంటే అరటిపువ్వు కూర. అందులోని ణ, ట లకు పెద్ద ఎన్, పెద్ద టీ నేను చెప్పకుండానే కొట్టారు.