శుక్రవారం దిగవద్దు

ప్రశ్న: మాది దేవరకొండ. భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను. పాత హీబ్రూ రాతప్రతులను కంప్యూటర్‌తో చదివించే పరిశోధనకు జెరూసలేం నుంచి పిలుపు వచ్చింది. ఆ భాషలో ఒక్క ముక్క రాదు. నెగ్గుకురాగలనా? వెంట ఏమి తెచ్చుకోవాలి?

తమ్ముడూ, వీసా, బీమా సంగతులు రాయబార కార్యాలయం వెబ్‌సైటులో చూసుకో. యుద్ధ వాతావరణం గురించి మన విదేశాంగ శాఖ ఏమంటున్నదో టికెట్టు కొనే ముందే చదువు. హీబ్రూ సంగతి, కొత్తగా వచ్చినవాళ్లకు ఆ భాష నేర్పే ఉల్పాన్ తరగతులవాళ్లు చూసుకుంటారు. నువ్వు అడగాల్సింది వేరే ఉంది: శనివారం ఎలా గడుస్తుంది?

నేను నల్లగొండ వదిలి పదిహేనేళ్లయింది. ఇక్కడ దిగింది గురువారం రాత్రి. మర్నాడు మధ్యాహ్నం దాకా పడుకొని, సాయంత్రం సంచి పట్టుకొని బయలుదేరితే దుకాణాలన్నీ మూసి ఉన్నాయి, బస్సుల జాడ లేదు. కర్ఫ్యూ పెట్టారేమో అనుకున్నాను. ఇక్కడ రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. యూదుల విశ్రాంతి దినం శుక్రవారం పొద్దుగుంకే వేళకు పట్టుకుంటే శనివారం చుక్కలు పొడిచేదాకా వదలదు. అమ్మ కట్టిచ్చిన సకినాలతో ఒక రాత్రీ ఒక పగలూ నెట్టుకొచ్చాను. కడుపు మాట సరే, ఎదురింటి కిటికీలో కొవ్వొత్తులు, బల్ల చుట్టూ ఇంటిల్లిపాదీ, పాటలు. నా ఫోనులో సిమ్ కూడా లేదు. పైగా ఆదివారం సెలవే కదా అని మళ్లీ పడుకున్నాను. ఇక్కడ వారం మొదలయ్యేదే ఆదివారం! సోమవారం వెళ్తే ప్రొఫెసరు ఏమీ అనలేదు, గోడ మీది క్యాలెండరు వంక చూశాడు.

పనికి భయపడకు, నీ భౌతికశాస్త్రం వృథా పోదు. 1970లో మృతసముద్రం ఒడ్డున ఎన్‌గెదీ తవ్వకాల్లో దొరికిన తోలుచుట్ట ఒకటి కాలి బొగ్గయింది, ముట్టుకుంటే రాలిపోయేది. దాన్ని విప్పకుండానే, లోపలి పొరలను చూపే ఎక్స్-రే టోమోగ్రఫీ తీసి, కెంటకీ విశ్వవిద్యాలయం వాళ్లు కంప్యూటర్‌లో పొరపొరా పరిచారు. బైబిలులోని లేవీయకాండం మొదటి అధ్యాయాలు బయటపడ్డాయి. 2016లో ప్రచురించారు, వెతికి చదువు.

నా మొదటి ప్రోగ్రాము మాత్రం హీబ్రూలో దాలెత్ అనే అక్షరాన్ని రేష్ అనే అక్షరం అనుకునేది. మన ప, వ లాగానే అవీ పొరబడే జంట, తేడా అంతా ఒక మూలలో ఉంది. దేవుడు ఒక్కడే అని చెప్పే వాక్యంలో ‘ఎహాద్’ (ఒక్కడు) చివరి దాలెత్ రేష్ అయిందా, ‘అహేర్’ అవుతుంది, అంటే వేరొకడు! యూదుల ధర్మగ్రంథమైన తోరా చుట్టల్లో ఆ దాలెత్‌ను పెద్దదిగా రాయడం ఆ పొరపాటు జరగకూడదనేనని పెద్దలు చెబుతారు. నేను ‘వందకు రెండు తప్పులేగా’ అని గొప్పగా చూపించి, ఆ కాగితాలను చెత్తబుట్టలో పడేశాను. ప్రొఫెసరు వంగి ఒక్కొక్కటే ఏరి, నలిగిన అంచులు వేళ్లతో సాపుచేసి, మూలనున్న అట్టపెట్టెలో పెట్టాడు. దేవుడి పేరున్న కాగితాన్ని వీళ్లు పారేయరు, గెనిజా అనే చోట దాస్తారు. కైరోలోని యూదుల ప్రార్థనామందిరంలో అలా దాచినవే 1896-97లో షెక్టర్ అనే పండితుడు కేంబ్రిడ్జికి చేర్చిన రాశులకొద్దీ ముక్కలు. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకొనే ఇంట్లో పుట్టి కూడా నాకు తట్టలేదు చూడు.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి. ఇక్కడ వృద్ధులను చూసుకునే పనిలో తెలుగువాళ్లున్నారని తెలిసి కూడా, పరిశోధకుడినన్న గొప్పతో ఏడాది పాటు వాళ్ల దగ్గరికి వెళ్లలేదు. శనివారాలు గోడతో మాట్లాడాను. రెండో చలికాలం జ్వరంతో పడుంటే, బస్టాపులో ఒకసారి పలకరించిన అచ్చంపేట ఆవిడ ఆ కబురు విని, బస్సుల్లేని రోజున నాలుగు కిలోమీటర్లు నడిచి జొన్నరొట్టె, పచ్చిపులుసు తెచ్చింది. ఖాళీ ఫ్రిజ్ తెరిచి చూసి, “ఇంత చదివారు, శుక్రవారం పొద్దునే కూరలు కొనుక్కోవాలని తెలియదా సార్?” అన్నది. ఆమె ఇప్పటికీ సార్ అనే అంటుంది. నేను అక్కా అనడం ఆరోజే మొదలుపెట్టాను.

సామాను అడిగావు కదా. చింతపండు తెచ్చుకో, పుస్తకాలు ఇక్కడ దొరుకుతాయి. ఆదివారమో సోమవారమో దిగేలా టికెట్టు కొను. మొదటి శనివారం గది దాటకుండా కూర్చోకు, నాకు ముందురోజే ఫోను చెయ్యి. అక్క ఉండే ఇంటిదాకా నడిచి వెళదాం, మధ్యలో ఎత్తు ఎక్కాలి, మంచి బూట్లు వేసుకో.